రెండో సగం చదివే మనిషి

వీధిలో అతన్ని అందరూ క్లైమాక్సు అని పిలుస్తారు. ఫోటోలకి ఫ్రేములు కట్టడం అతని పని. నవలల మీద అభిప్రాయాలు చెప్పడం మాత్రం పని కాదు, ప్రాణం. ఎవరైనా తాతగారి ఫోటో పట్టుకుని కొట్లోకి అడుగుపెడితే చాలు, ఆ ఫోటోకి నల్లంచు వేయాలా బంగారు రంగు వేయాలా అని తేల్చేలోపు, తను ఈమధ్య చదివిన నవలలో ఎవరు ఎవరిని క్షమించారో కూడా తేలిపోతుంది. వద్దన్నా వినడు.

ఆ పేరు ఊరికే రాలేదు. అతను ఏ నవలైనా రెండో సగం నుంచే చదువుతాడు. మొదటి సగం అతని భార్య చదువుతుంది.

ఇది పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు. ఇద్దరికీ నవలల పిచ్చి, ఉన్నది ఒక్క పుస్తకం, ఆగే ఓపిక ఇద్దరికీ లేదు. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పుస్తకం సంచిలో పెట్టుకుని డ్యూటీకి పోతే సాయంత్రం దాకా ఇతను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఒకరోజు తిక్కరేగి, అట్టలు కోసే కత్తితో పుస్తకాన్ని నడుం దగ్గర నిలువునా రెండు చేశాడు. చేసిన మరుక్షణం భయం వేసింది. ఆవిడ కోసిన చోట వేలితో తడిమి చూసి, "నాకు మొదటిది" అంది. అంతే. ఇక ఆ ఇంట్లో పుస్తకాల గొడవ రాలేదు.

సాయంత్రం ఇద్దరూ ఎవరి సగం వాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత సగాలు మార్చుకోవాలన్నది ఒప్పందం కానీ, ఆవిడ రెండో సగం చేతిలోకి తీసుకోగా అతను ఎప్పుడూ చూడలేదు. "మీరే చెప్పండి, తర్వాత ఏమైంది?" అంటుంది గిన్నెలు తుడుచుకుంటూ. తను చెప్పే తీరు అంత బాగుంటుంది కాబట్టే అడుగుతోందని అతని నమ్మకం. ఆ తర్వాత అతను రెండు సగాలకీ జిగురు రాసి, వెన్నుకి గుడ్డపట్టీ అతికించి బీరువాలో పెడతాడు. ఆ బీరువా తలుపు తీస్తే నడుంనొప్పి వార్డులోకి వెళ్ళినట్టుంటుంది, అన్నీ పట్టీలు కట్టుకున్నవే.

ఇలా చదవడం వల్ల లోకంలో ఎవరికీ అందని జ్ఞానం తనకి అందిందని అతని వాదన. పక్కకొట్టు వాచీలు బాగుచేసే ఆయన దీనికి శాశ్వత శ్రోత. పారిపోదామంటే ఆయన చేతిలో ఎప్పుడూ ఎవరిదో ఒకరి వాచీ విప్పి ఉంటుంది.

"మొన్న ఒక హత్య నవల చదివాను గురూ," అన్నాడు క్లైమాక్సు ఒక మధ్యాహ్నం, గాజుపలక మీద దుమ్ము తుడుస్తూ. "హంతకుడెవరో పొద్దున పదింటికల్లా తెలిసిపోయింది. చచ్చిందెవరో మాత్రం సాయంత్రం మా ఆవిడ వచ్చి చెప్పిందాకా తెలీలేదు. మీరంతా హంతకుడి కోసం వెతుకుతారు. నేను శవం కోసం వెతికాను. దాని మజా వేరు."

"మజా సంగతి సరే, అసలు కథేమిటి?"

"బాగానే రాశాడు. కాకపోతే పట్టుబడ్డవాడు మరీ చదువుకున్నవాడిలా ఒప్పుకున్నాడు, పేజీల కొద్దీ. నిజంగా తప్పు చేసినవాడు అంత వాక్యనిర్మాణం చేయడు, నీళ్ళు నములుతాడు."

వాచీలాయన భూతద్దం సర్దుకున్నాడు. క్లైమాక్సు దాన్ని ఆసక్తి కింద జమకట్టి కొనసాగించాడు. "అంతకుముందు ప్రేమ నవలొకటి. నా సగంలో మొగుడూ పెళ్ళాం కుళాయి కారుతోందని పోట్లాడుకుంటున్నారు. వీళ్ళిద్దరూ ఒకరికోసం ఒకరు చచ్చిపోవడానికి సిద్ధపడ్డారంది మా ఆవిడ, తన సగంలో. నేను చచ్చినా నమ్మను అన్నాను. 'మన గురించి చెప్పినా ఎవరూ నమ్మరు లెండి' అంది. ఇంకొకటి, మూడు తరాల కథ. నేను మనవల దగ్గర ఎక్కాను. తాత ఉత్త గోడమీద ఫోటో. అంత లావు పుస్తకంలో ఆ ఫోటోకి ఏ ఫ్రేము వేశారో ఒక్క ముక్క రాయలేదు రచయిత. అలాంటివాడిని ఏం నమ్ముతాం?"

ఇంత ధైర్యంగా మాట్లాడే మనిషికి ఒక కఠిన నియమం ఉంది. మొదటి సగం వైపు కన్నెత్తి చూడడు. అట్టమీద బొమ్మ, పేరు, లోపలి పేజీ ఏదీ చూడకూడదు. చూస్తే మోసం చేసినట్టు. కొత్త పుస్తకం బల్లమీదికి రాగానే మొహం పక్కకి తిప్పుకుని, బొటనవేలితో మధ్యకి తెరిచి, అరచేత్తో నొక్కి, కత్తి దించుతాడు. ముందు సగాన్ని బోర్లా పెట్టి కాగితం చుట్టేస్తాడు. ఈ నిష్ఠే అతని కొంప ముంచింది.

ఇక్కడ ఆవిడ అక్కగారి సంగతి చెప్పాలి. ఆమె లెక్కల టీచరు, నిటారుగా నడిచే మనిషి. అక్కాచెల్లెళ్ళకి మాటల్లేక ఏళ్ళయింది. కారణం పుస్తకాలే. వాళ్ళమ్మకి ఒక చెక్క బీరువా నిండా నవలలుండేవి. ఆమె పోయాక చెల్లెలు సగం అడిగింది. అక్క ససేమిరా అంది. "అమ్మ పుస్తకాలు విడదీయను. ఒకచోటే ఉండాలి" అంది. "అయితే మొత్తం నువ్వే కట్టుకుపో" అని ఈవిడ లేచి వచ్చేసింది. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డా ఒకరు ఈ గోడ, ఒకరు ఆ గోడ చూసేవాళ్ళు. ఆస్పత్రిలో ఎవరైనా "మీ అక్కగారు బాగున్నారా?" అని అడిగిన రోజున ఆవిడ ఇంటికొచ్చి కథ అడిగేది కాదు. అతనికి ఆ రోజులు భరించరానివిగా ఉండేవి.

అలాంటిది ఒకనాడు అక్కగారి భర్త, అంటే క్లైమాక్సుకి తోడల్లుడు, కొట్టుకొచ్చాడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. ఆ సమయానికి క్లైమాక్సు పెద్ద అద్దమొకటి బిగించడానికి ఎవరింటికో వెళ్ళాడు. తోడల్లుడు వాచీలాయన చేతికి ఒక పుస్తకం ఇచ్చి, "మా మరదలికి. వాళ్ళక్క పంపింది. చదివి తిరిగి పంపితే ఇంకొకటి పంపుతుందట" అని తన కోటా మాటలన్నీ ఖర్చుపెట్టేసి వెళ్ళిపోయాడు. వాచీలాయన ఒక కంటికి భూతద్దం ఉండగానే లేచి, పుస్తకాన్ని క్లైమాక్సు బల్లమీద మిగతా పుస్తకాల పైన పెట్టి, వెళ్ళి ఒక సన్నటి స్క్రూ కోసం వెతుక్కుంటూ లోకాన్ని మరిచిపోయాడు.

క్లైమాక్సు తిరిగొచ్చాడు, చేతులు కడుక్కున్నాడు, పైనున్న పుస్తకం అందుకున్నాడు, మొహం తిప్పుకున్నాడు, కోశాడు.

ఆ రోజంతా అతనికి పని సాగలేదు. పుస్తకం అలాంటిది. అందులో ఒకావిడ నిచ్చెన వేసుకుని ఇల్లంతా ఒక్కతే రంగులు వేస్తుంది. ఎవరు సాయం వస్తానన్నా వద్దంటుంది. ఆఖరి గది పూర్తయ్యాక చేతులు తుడుచుకుని, తాళంచెవి పక్కింటివాళ్ళకిచ్చి, రైలెక్కుతుంది. వాళ్ళు దాన్ని గోడమీద మేకుకి తగిలిస్తారు. ఏళ్ళు గడుస్తాయి. పక్కింటి పిల్ల పెద్దదవుతుంది. చివరి వాక్యంలో తాళంచెవి ఆ మేకుకే వేలాడుతూ ఉంటుంది.

"ఈ సంవత్సరం నేను చదివినవన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు," అన్నాడు వాచీలాయనతో, కళ్ళు తుడుచుకుంటూ. "ఎందుకు వెళ్తోందో నాకు తెలీదు, అది మా ఆవిడ సగంలో ఉంది. కానీ చూడు, వెళ్ళేది ఎలాగూ వెళ్తోంది కదా, రంగులు పూర్తిచేసి మరీ వెళ్ళింది. సగంలో వదిలేసి పోలేదు. పనిమంతురాలు. ఆ మేకు కూడా సరిగ్గా కొట్టారు, అన్నేళ్ళు ఊడలేదు."

సాయంత్రం ఆవిడ డ్యూటీ దిగి కొట్టుకి వచ్చింది. బల్లమీద తన సగం తీసుకుని, కాగితం విప్పి, మొదటి పేజీ తెరిచింది. క్లైమాక్సు అప్పటికే రంగుల గురించి మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"ఇది ఎక్కడిది?" అందావిడ.

"నువ్వు కొన్నవాటిలోదే కదా?"

ఆవిడ పేజీ అతనివైపు తిప్పింది. అక్కడ ఊదారంగు సిరాతో అత్తగారి పేరు, ఆమె దస్తూరీ. అప్పటికి గుర్తొచ్చి వాచీలాయన అవతల నుంచి, "అన్నట్టు క్లైమాక్సూ, మీ తోడల్లుడు వచ్చాడోయ్!" అన్నాడు. తర్వాత ఏం చెప్పమన్నాడో అదీ చెప్పాడు. క్లైమాక్సుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

విడదీయనని పంతం పట్టి కూర్చున్న మనిషి, ఇన్నేళ్ళకి మెత్తబడి మొట్టమొదటి పుస్తకం పంపితే, పూట తిరక్కుండా దాన్నే నిలువునా కోసి పెట్టాడు. ఇక ఇంకొకటి రావడం కల్ల. ఆ అక్క ఈ చెల్లెల్ని మళ్ళీ పలకరించడం కూడా కల్లే. పలకరించకపోవడానికి కారణం ఇంతకాలం వాళ్ళ పంతం, ఇకమీదట తన కత్తి.

"అతికించేస్తాను," అన్నాడు. "నా పనితనం నీకు తెలీదా? మీ అక్క కాదు, ఆ పుస్తకం అచ్చువేసినవాడు వచ్చినా కనిపెట్టలేడు."

"అది లెక్కల టీచరు. వెంట్రుకవాసి తేడా వచ్చినా కనిపెడుతుంది. అతికించి పంపితే దాచినట్టు. రేపు ఇలాగే పట్టుకెళ్ళి చూపించండి. కోసింది మీరు కాబట్టి మీరే చెప్పండి."

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఇంటికి నడుస్తుంటే ఆవిడే అంది, "ఈ కథ నాకు తెలుసు. అమ్మ చదివి వినిపించింది. ఆవిడ రంగులు వేస్తుంటే పిల్లి వచ్చి డబ్బా తన్నేస్తుంది, సగం పిల్లి తెల్లబడిపోతుంది. చివరికి తిరిగొస్తుంది."

"పిల్లి తిరిగొస్తుందా?"

"ఆవిడ. ఇల్లు వదిలి వెళ్తుందిగా, తిరిగొస్తుంది."

కొంప మునిగినవేళ కూడా తన శాఖలో తప్పు దొర్లితే అతను ఊరుకోలేడు. "రాదు. తాళంచెవి మేకుకే ఉండిపోతుంది. పొద్దున చదివాను."

"వస్తుందండీ. నాకు తెలుసు."

"నువ్వు చిన్నపిల్లవి అప్పుడు. నేను ఇవాళ చదివాను!"

అతను నాలిక్కరుచుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. అక్కగారిది రెండో అంతస్తు. మెట్ల మొదట్లో చెల్లెలు ఆగిపోయింది. "నేనిక్కడుంటాను. ముందు మీరు వెళ్ళండి," అంది. లోకంలో ఉన్న నవలలన్నిటికీ తీర్పులు చెప్పిన మనిషి, చంకలో రెండు ముక్కలు పెట్టుకుని మెట్లెక్కాడు.

తలుపు తోడల్లుడు తీశాడు. చంకలోవి చూశాడు, జాలిగా తలూపాడు, లోపలి గదిలోకి మాయమయ్యాడు. అక్కగారు బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"వదినగారూ, తప్పు జరిగింది," అని రెండు ముక్కలూ ఆమె ముందు పెట్టాడు క్లైమాక్సు. దారిపొడుగునా తయారుచేసుకున్న సంజాయిషీ అంతా ఎటు పోయిందో పోయింది. హంతకుడి ఒప్పుకోలు గురించి తను ఇచ్చిన తీర్పు నిజమేనని ఆ క్షణంలో అతనికి తెలిసింది. "మేం... పుస్తకాలు... అది మొదటిది, నేను రెండోది... చూడలేదు. అట్ట చూడకూడదు కదా. మీ చెల్లెలికేం తెలీదు, కత్తి నాది."

అక్కగారు కళ్ళజోడు సర్దుకుని రెండు ముక్కల్నీ పక్కపక్కన నిలబెట్టింది. కోసిన అంచు మీద వేలు పెట్టి పైనుంచి కిందికి లాగింది.

"తిన్నగా కోశారు," అంది.

అది మెచ్చుకోలో శిక్షకి ముందుమాటో అర్థంకాక అతను నిలబడే ఉన్నాడు.

"రెండోది మీరన్నారు. ఎందుకు? మా చెల్లి ఎప్పుడూ రెండో సగం చదవదా?"

"చదవదండీ. నన్ను చెప్పమంటుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది అంటుంది. నేను బాగా చెప్తానని..." అని అతను వాక్యం మింగేశాడు, ఎందుకంటే అక్కగారి మొహం మారిపోయింది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి కుర్చీలో వెనక్కి వాలింది.

"సెలవుల్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ మాకు నవలలు చదివి వినిపించేది," అంది. "ఇది సగంలోనే నిద్రపోయేది. రోజూ అంతే. లేచి కళ్ళు నులుముకుంటూ, తర్వాత ఏమైంది అని అమ్మని పీక్కుతినేది. అమ్మకి అవతల బోలెడు పని. అక్కనడుగు పో అనేది. అన్ని పుస్తకాలకీ రెండో సగం దానికి నేనే చెప్పాను మరిదిగారూ."

క్లైమాక్సుకి చివుక్కుమంది. ఇన్నాళ్ళూ అది తన కత్తి కనిపెట్టిన పద్ధతనుకున్నాడు, తన గొంతు గొప్పదనుకున్నాడు. తను వచ్చేసరికే ఆ ఉద్యోగంలో వేరే మనిషి ఉంది. అయినా ఆ మనిషి మొహం చూస్తే ఉక్రోషం రాలేదు.

"సగం అడిగినప్పుడు ఎందుకివ్వలేదో తెలుసా?" అందామె. "అవి దాని దగ్గరే ఉంటే ఇక నన్ను అడగడానికేముంటుంది? మొత్తం ఇక్కడుంటే వాటికోసమైనా వస్తూ పోతూ ఉంటుందనుకున్నాను. అది అసలు రావడమే మానేసింది. నేనా, పిలవలేకపోయాను. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, ఈ ఒక్క లెక్క తప్పాను."

"వచ్చింది వదినగారూ," అన్నాడతను. "కింద మెట్ల దగ్గరుంది."

ఆమె లేచిన వేగానికి పరీక్ష పేపర్లు కిందపడ్డాయి. బాల్కనీలోకి వెళ్ళి కిందికి వంగి, క్లాసు మొత్తానికి వినబడే గొంతుతో అరిచింది. "ఏమే! అక్కడ ఎవరికి కాపలా కాస్తున్నావు? పైకి తగలడు!"

చెల్లెలు వచ్చింది. గుమ్మంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "చిక్కిపోయావేమే" అని ఒకరు, "జుట్టంతా నెరిసిపోయిందేమిటే" అని ఒకరు. ఏళ్ళ తరబడి దాచుకున్న కోపానికి ఆ రెండు మాటలతో సరిపోయింది. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. క్లైమాక్సు కిందపడ్డ పేపర్లు ఏరుతూ, ఎవరికెన్ని మార్కులొచ్చాయో శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు. తోడల్లుడు ఎక్కడినుంచో అందరికీ టీ తెచ్చిపెట్టి మళ్ళీ మాయమయ్యాడు.

టీ తాగాక చెల్లెలు మొదటి సగం ఒళ్ళో పెట్టుకుంది. "రాత్రి చదివేశాను. పిల్లి తెల్లబడింది. తర్వాత ఏమైంది?" అని అడిగింది.

అడిగింది క్లైమాక్సుని కాదు. అలవాటుకొద్దీ నోరు తెరిచినవాడు, చప్పుడు కాకుండా మూసుకున్నాడు.

అక్కగారు రెండో సగం తీసి చివరి పేజీలకి తిప్పింది. కళ్ళజోడు ముక్కుమీదికి జార్చి చదవసాగింది. నిచ్చెన, రంగులు, రైలు, పక్కింటి పిల్ల, అన్నీ పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. క్లైమాక్సు తన సరుకు సరిచూసుకుంటున్నట్టు తలూపుతూ విన్నాడు. చివరి పేజీ వచ్చింది.

"ఒకనాటి సాయంత్రం గేటు చప్పుడైంది," అని చదివింది అక్కగారు. "పక్కింటి పిల్ల పరుగెత్తుకెళ్ళి చూసింది. ఆమె నిలబడి ఉంది, చేతిలో అదే సంచి. ఎంత పొడుగయ్యావే అంది. అరచేయి చాపింది. ఆ రాత్రి పక్కింటివాళ్ళ గోడమీద మేకు ఖాళీగా ఉంది."

క్లైమాక్సు తలూపడం ఆపేశాడు.

"చూశారా!" అంది చెల్లెలు అతనివైపు తిరిగి. "రాదని నాతో పోట్లాడారక్కా ఈయన. నిన్ననే చదివానంటారు."

అక్కగారు పుస్తకం మీదనుంచి కళ్ళెత్తి, కళ్ళజోడు పైనుంచి అతన్ని చూసింది. ఆ చూపులో లెక్కల టీచరు లేదు. గట్టిగా చెప్పడానికి అతని దగ్గర కావలసినంత ఉంది. నిన్న ఆ తాళంచెవి వాక్యం చదివి కళ్ళు తుడుచుకున్నాడు. ముగింపుల విషయంలో అతని మాటకి వీధివీధంతా ఎదురు చెప్పదు. అతనికున్న పేరే అది.

"వస్తుంది వదినగారూ," అన్నాడు. "నేనే సరిగ్గా చదవలేదు."

చెల్లెలు మొగుడి మొహం కాసేపు చూసింది. తర్వాత అక్క చేతిలోని పుస్తకం చూసింది. చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో ఉంది. చాపలేదు. కాళ్ళు పైకి ముడుచుకుని, చిన్నపిల్లలా కుర్చీలో ఒదిగి కూర్చుంది.

"మళ్ళీ చదవవే," అంది. "ఆ గేటు చప్పుడు దగ్గర్నుంచి."

అక్కగారు మళ్ళీ చదివింది. క్లైమాక్సు చెవులు రిక్కించి విన్నాడు. రెండోసారి కూడా ఒక్క మాట తేడా రాలేదు.